కాంటెస్సాకి యాభై ఏళ్ళు నిండేదాకా ఆగమంటారా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇరవై ఏళ్ళు దాటిన బళ్ళకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు డబుల్ చేసిన దగ్గర్నుంచి మీ పేపర్లో దాని మీద వచ్చే ఉత్తరాలు చదువుతూనే ఉన్నాను. ఎక్కువమంది రాసేది ఒకటే, పాత డొక్కులు రోడ్ల మీద ఎందుకు, తుక్కులో వేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని. రాసినవాళ్ళ మీద నాకేం కోపం లేదండి, మన విశాఖ ఎన్ఏడీ జంక్షన్ దగ్గర నల్లటి పొగ వదిలే బండి వెనకాల ఇరుక్కుంటే నేనూ అలాగే తిట్టుకుంటాను. కాకపోతే ఆ డొక్కుల లిస్టులో ఈమధ్యనే నాదీ ఒకటి చేరింది, 1995 మోడల్ కాంటెస్సా క్లాసిక్ కారు, ఏపీ 31 నంబరు. అందుకని అవతలి వైపు నుంచి కూడా ఒక ఉత్తరం పడితే బాగుంటుందని రాస్తున్నాను. కొంచెం పొడుగైపోతుంది, కట్ చేస్తే చేసుకోండి గానీ ఫీజు గురించిన ముక్క మాత్రం ఉంచండి.

మాది మల్కాపురం. నాన్నగారు పోర్టులో చేసేవారు. మా చిన్నప్పుడు కారంటే అంబాసిడర్ లేకపోతే ప్రీమియర్ పద్మిని, అంతే, 1983 డిసెంబర్లో మారుతి 800 వచ్చింది గానీ అది మా రోడ్డు దాకా రావడానికి చాలా టైమ్ పట్టింది. ఈలోగా ఒక తెల్ల కాంటెస్సా వచ్చింది. ఏదో కంపెనీ పెద్ద ఆఫీసరుగారిది, సాయంత్రం పూట సింధియా రోడ్డులో వెళ్ళేది. ముందు నాలుగు గుండ్రటి లైట్లు, నల్ల గ్రిల్లు, బారుగా బానెట్టు, వెనకాల ఇద్దరు పడుకోవచ్చు అనిపించేంత డిక్కీ. అప్పుడు మేం నలుగురం, ఇప్పుడూ ఆ నలుగురమే అనుకోండి, గోడెక్కి కూర్చుని అది వెళ్ళేదాకా చూసేవాళ్ళం. మాలో ఒకడు తర్వాత షిప్‌యార్డ్‌లో వెల్డరయ్యాడు, ఒకడు రైల్వేలో చేరాడు, ఒకడు గాజువాకలో హార్డ్‌వేర్ షాపు పెట్టాడు, నేను ఒక ప్రైవేట్ కంపెనీలో లెక్కలు రాస్తూ ఇదిగో రిటైర్మెంట్ దగ్గరకి వచ్చేశాను. కారు మీద పిచ్చి మాత్రం నాదే, మిగతా ముగ్గురికీ నా పిచ్చి మీద నమ్మకం, అంతే తేడా.

కాంటెస్సాని ఇప్పటి కుర్రాళ్ళు ఇండియన్ మజిల్ కార్ అంటున్నారు కదా, ఆ మాటకొస్తే నిజం చెప్పుకోవాలి. అసలు మజిల్ కార్లన్నవి అమెరికావి. 1964లో పోంటియాక్ వాళ్ళు జీటీవో అని తెచ్చారు, మధ్యరకం బండిలో 389 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్ పెట్టేశారు, అంటే దగ్గర దగ్గర 6.4 లీటర్లు, 325 హార్స్‌పవర్. అక్కడి నుంచే ఆ పిచ్చి ముదిరింది. మన కాంటెస్సా 1984లో వచ్చినప్పుడు దాని బానెట్టు కింద ఉన్నది అంబాసిడర్‌లో ఉన్న అదే 1489 సీసీ ఇంజను, ఓ 50 హార్స్‌పవర్ ఉంటుందేమో, అంత బాడీని అది లాగలేక లాగేది, కైలాసగిరి లాంటి ఎత్తు ఎక్కించాలంటే డ్రైవరు ముందే దేవుణ్ణి తలుచుకోవాలి. మొహం చూస్తే ఆ అమెరికా కార్లు చార్జరూ మస్టాంగూ గుర్తొస్తాయి, ఎక్సిలేటర్ తొక్కితే అంబాసిడర్ గుర్తొస్తుంది. తర్వాత జపాన్ ఇసుజు వాళ్ళ 1.8 లీటర్ పెట్రోల్ ఇంజనూ 5 గేర్ల బాక్సూ వచ్చాకే అది మొహానికి తగ్గ బండి అయింది, ఆ టైముకి దేశంలో తయారయ్యే కార్లలో దర్జా అంటే అదే. బాడీ మాత్రం మనది కాదు, ఇంగ్లండ్‌లో వాక్స్‌హాల్ అనే కంపెనీ 70ల్లో చేసిన విక్టర్ కారుది, ఆ అచ్చులు హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కొనుక్కుని కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో పెట్టుకున్నారు. వాక్స్‌హాలూ పోంటియాకూ రెండూ అప్పట్లో జనరల్ మోటార్స్ కిందవే, ఇసుజులో కూడా వాళ్ళకి వాటా ఉండేది, ఆ లెక్కన మన కాంటెస్సా ఆ అమెరికా మజిల్ కార్లకి దూరపు చుట్టమే. ఆ ముక్క మా హార్డ్‌వేర్ వాడికి చెప్తే "చుట్టమే గానీ ఆస్తిలో వాటా రాలేదన్నమాట" అన్నాడు. 2002లో కాంటెస్సా ఆపేశారు, 2014లో ఆ ఫ్యాక్టరీయే మూతపడింది.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు కొనలేదంటారా. బండి కొత్తగా అమ్మినన్నాళ్ళూ నా జీతానికి అది అందేది కాదు. ఆపేశాక సెకండ్ హ్యాండ్‌లో చవగ్గానే దొరికేది గానీ లీటరుకి ఎనిమిదో తొమ్మిదో ఇచ్చే బండిని పెట్టుకుని పిల్లల ఫీజులు ఎక్కడ కట్టను, స్కూటరే నాకు కారు అనుకున్నాను. పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాయి, ఇంటి లోను తీరింది, అప్పటికి చూస్తే మార్కెట్లో కాంటెస్సాలే లేవు. ఉన్నవి కొన్ని తుక్కైపోయాయి, కొన్నిటికి ఎవడో డీజిల్ ఇంజను దింపేసి ట్రావెల్స్‌కి తిప్పి తిప్పి చంపేశాడు, బాగున్న ఒకటీ అరా హైదరాబాద్ బెంగళూరు వాళ్ళు ఎత్తుకుపోయారు, వాళ్ళు చెప్పే రేట్లకి కొత్త కారే వస్తుంది.

ఈ బండి మాత్రం మా రైల్వే వాడి కంట్లో పడింది. గోపాలపట్నం వైపు ఒక పెద్ద ఇంటి వెనకాల రేకుల షెడ్డులో టార్పాలిన్ కప్పి ఉందట, హుద్‌హుద్ తుఫానులో ఆ షెడ్డు పైకప్పు లేచిపోతే తర్వాత సగమే వేయించారట. ఓనరుగారు కాలం చేశారు, పిల్లలు ఇక్కడ లేరు, అమ్మగారు ఒక్కరే ఉంటున్నారు. మనవడి పెళ్ళికి పందిరి వేయాలి, ఆ చోటు ఖాళీ చేయించాలని తుక్కు సామాను వాణ్ణి పిలిపించారు, వాడొచ్చి బేరం కూడా మొదలెట్టాడు. మావాడు ఫోన్ చేసి "ఒరేయ్, రేపు పొద్దున్నకి ముక్కలైపోద్ది, వస్తావా ఏటి" అన్నాడు. వెళ్ళాం. ఆవిడ మా వయసూ మా కళ్ళూ చూసి జాలిపడి తగ్గించి ఇస్తారనుకున్నాం, తుక్కువాడు చెప్పిన దాని మీద ఇంకొంచెం వేసి చెప్పారు, పైసా తగ్గలేదు, పైగా బండి ఎత్తుకెళ్ళే ఖర్చు మీదే అన్నారు. ఆవిడ మంచి వ్యాపారం చేశారని ఇప్పటికీ ఒప్పుకుంటాను.

డబ్బు సంగతి. మాకో చీటీ ఉంది, కుర్రాళ్ళప్పటి నుంచి నడుపుకుంటున్నది, ఇప్పుడు వాళ్ళ తమ్ముళ్ళూ బావమరుదులూ కలిసి ఇరవై మందయ్యారు. ప్రతిసారీ చీటీ పాటలో ఒకడి మీద ఒకడు పోటీపడి పాడతారు, కొట్టుకున్నంత పని చేస్తారు, అలాంటిది ఆ నెల ఒక్కడు నోరెత్తలేదు. నాకు విషయం అర్థమయ్యేలోగా మా హార్డ్‌వేర్ వాడు "ఇంకెవరూ లేరు కదా, ఖాయం" అని పుస్తకంలో నా పేరు రాసేశాడు. అలా పాట లేకుండా మొత్తం చీటీ నా చేతికొచ్చింది. వాళ్ళల్లో ఒకడికి ఆ నెల నిజంగా డబ్బు అవసరం ఉందని నాకు తర్వాత వాళ్ళావిడ చెప్తే తెలిసింది. వాడు ఇప్పటికీ ఆ ఊసెత్తడు.

బండి తెచ్చి షిప్‌యార్డ్ వాడి ఇంటి పక్క ఖాళీ స్థలంలో పెట్టాం. వాడు రిటైరయ్యాడు గానీ చెయ్యి రిటైర్ కాలేదు. మన ఊళ్ళో కారుకి మొదటి శత్రువు ఉప్పుగాలి అండి, పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది కింద ఫ్లోర్ మాత్రం అప్పడంలా ఉంటుంది. వీడు కార్పెట్టు పీకేసి, చిన్న సుత్తి తీసుకుని, బోర్లా పడుకుని ఫ్లోర్ అంతా అంగుళం అంగుళం కొట్టుకుంటూ వెళ్ళాడు, చెవి దగ్గరగా పెట్టి. టంగుమంటే వదిలేస్తాడు, బుడుక్కుమంటే సుద్దముక్కతో గీస్తాడు. అయిపోయేసరికి సుద్ద గీతల మధ్య మిగిలిన మంచి ఇనుము తక్కువే. డ్రైవర్ సీటు కింద స్క్రూడ్రైవర్ ఆనించాడంతే, అటు పక్క నేల కనపడింది. "ఇందులో కూర్చుని నడిపితే కాళ్ళతో బ్రేకు వేసుకోవచ్చురా" అన్నాడు.

కట్ చేయాల్సిన చోటల్లా పాత పేపర్ పరిచి, మీ పేపరే, అంచులు వేలితో నొక్కి గీత పడేలా చేసి, ఆ కొలతకి కొత్త షీటు కోశాడు. అతికించేటప్పుడు ఒకే చోట కాల్చడు, ఇక్కడొక చుక్క, మూరెడు దూరంలో ఇంకో చుక్క, మళ్ళీ వెనక్కొచ్చి మధ్యలో ఒకటి, ఎందుకురా ఇలా తిరుగుతావ్ ఒక వైపు నుంచి లాగేయొచ్చు కదా అంటే పల్చటి షీటుకి ఒకే చోట వేడి ఎక్కిస్తే వంకర తిరిగిపోద్ది, తర్వాత నువ్వు లప్పం పూసి దాచుకోవాలి, నా పనిలో లప్పం ఉండదు అన్నాడు. ఓడల ప్లేట్లు అతికినోడు కదా, ఆ గర్వం వేరు. రన్నింగ్ బోర్డులూ, డిక్కీలో స్టెప్నీ టైరు పెట్టే గుంటా, తలుపుల కింది అంచులూ అన్నీ ఇలాగే. రెడ్ ఆక్సైడ్ వేసి కింద అండర్ కోటింగ్ కొట్టేదాకా పైన రంగు గురించి మాట్లాడనివ్వలేదు. సామాను ఖర్చు తప్ప కూలీ అని ఒక్క రూపాయి తీసుకోలేదు, ఇవ్వబోతే తిట్టిన తిట్లు మీ పేపర్లో వేసుకోలేరు.

ఇంజను దగ్గర ఇంకో పెద్దమనిషి దొరికారు, ఆటోనగర్‌లో. ఆయన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు, నేనూ భాయ్ అనే అంటాను, ఆ రోజుల్లో కాంటెస్సాలు చూసిన చెయ్యి. ఇంజను ఏళ్ళ తరబడి తిరక్క బిగుసుకుపోయింది. ఇంకొకరైతే సెల్ఫ్ కొట్టి చూసేవాళ్ళే, ఆయన అసలు బ్యాటరీ పెట్టనివ్వలేదు. ప్లగ్గులు ఊడదీసి నాలుగు సిలిండర్లలోనూ డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి "ఇక పొండి, నేను పిలిచేదాకా రాకండి" అన్నారు. పిలిచాక వెళ్తే క్రాంక్ నట్టుకి స్పానర్ వేసి నా చేతికిచ్చారు, బలం పెట్టొద్దు, బతిమాలండి అన్నారు. మొదట కదల్లేదు, తర్వాత కొంచెం, ఆ తర్వాత గరగరమని పావు చుట్టు. ఆ చప్పుడుకి మా నలుగురం చప్పట్లు కొట్టేసరికి పక్క షెడ్ల కుర్రాళ్ళంతా వచ్చారు ఏమైందోనని. ట్యాంకులో పాత పెట్రోలు జిగురైపోయి ఉంది, కార్బొరేటర్ జెట్లు పూడుకుపోయాయి, రేడియేటర్ సగం బంద్, బ్రేకులైతే చెప్పక్కర్లేదు. సామాన్లు ఇక్కడ దొరకవు, ఉత్తర్‌పారా పక్కనే కాబట్టి కలకత్తా మల్లిక్ బజార్‌లో ఇంకా కొన్ని దొరుకుతాయి అని భాయ్ చెప్తే మా రైల్వే వాడు సెలవు పెట్టి వెళ్ళాడు. వాటర్ పంపూ, క్లచ్ ప్లేటూ, తలుపుల రబ్బరు బీడింగులూ అన్నీ గోనెసంచిలో వేసుకుని కోరమాండల్‌లో తెచ్చాడు, పక్క సీటాయన ఇవేంటని అడిగితే పెళ్ళి సామాను అని చెప్పాడట.

ఒక మాట, పాత బళ్ళున్నవాళ్ళు చదువుతుంటే పనికొస్తుందని. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాతకాలం రబ్బరు పైపులూ కార్బొరేటర్ వాషర్లూ దాన్ని తట్టుకోవడానికి చేసినవి కావు, మెత్తబడతాయి, ఉబ్బుతాయి. పైగా ఇథనాల్ తేమ లాగుతుంది, మనది సముద్రం ఊరు, బండి వారాల తరబడి నిలబడితే ట్యాంకులో నీళ్ళు చేరతాయి. భాయ్ పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకంవి వేశారు, ట్యాంకులో ఎక్కువ రోజులు పెట్రోలు ఉంచొద్దు, పోసుకున్నది తిప్పేయండి అన్నారు. ఇంజనులో మంటలు లేచాయి అని వార్తలొస్తుంటాయి చూడండి, పాత బళ్ళలో ఇలా పగిలిన పైపు లోంచి వేడి ఇంజను మీద పెట్రోలు కారడం కూడా ఒక కారణం.

ఇక కాగితాలు. ఇక్కడే అసలు ఉత్తరం మొదలవుతుంది, ఇప్పటిదాకా రాసింది నా సంబరం. ఓనరుగారు పోయారు కాబట్టి ముందు ఫారం 31 మీద బండి అమ్మగారి పేరుకి మారాలి, పిల్లలు ఒప్పుకుంటున్నట్టు కాగితాలివ్వాలి, ఆ తర్వాత 29, 30 ఫారాలతో నా పేరుకి. సరే, అది న్యాయమే. కానీ రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో అయిపోయింది. సొంత కార్లకి మొదట 15 ఏళ్ళు, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి రెన్యువల్. ఆ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌కి ముందు 600 రూపాయలు. తర్వాత 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు, బైకులకి 2,000, విదేశీ కార్లకైతే 80,000. ఇది కాక లేటైతే కారుకి నెలకి 500 ఫైను, పెద్దాయన పోయి బండి షెడ్డులో పడున్న నెలలన్నిటికీ లెక్క కడితే ఫీజు కంటే ఫైనే ఎక్కువైంది. ఇన్సూరెన్సు సంగతి, 1500 సీసీ దాటిన కార్లకి థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో ఖరారు చేసిన రేటు 7,897, బండి ఏడాదంతా తిరిగినా ఆదివారం ఆదివారం తిరిగినా అదే. ఒక కౌంటర్లో కూర్చున్నాయన అయితే నా ఫైలు చూసి "ఇదంతా ఎందుకండీ, తుక్కుకిచ్చేసి సర్టిఫికెట్ తెచ్చుకోండి, కొత్త బండికి ట్యాక్స్ తగ్గుతుంది" అని సలహా ఇచ్చారు. మంచికే చెప్పారు పాపం, నా వెనకాల నిలబడ్డ మా షిప్‌యార్డ్ వాడి మొహం మాత్రం చూడాల్సింది.

నేను కట్టను అనడంలేదండి, కట్టేశాను. నా గోల ఏంటంటే, ప్రభుత్వం దగ్గర పాత బండికి రెండే గదులున్నాయి. 2021లో వింటేజ్ బళ్ళకి రూల్సు తెచ్చారు, మంచి పనే చేశారు, యాభై ఏళ్ళు దాటి ఉండాలి, ఛాసిస్ బాడీ ఇంజను అసలువే ఉండాలి, అలాంటివాటికి 20,000 ఫీజు కడితే పదేళ్ళకి రిజిస్ట్రేషన్, వీఏ అని స్పెషల్ నంబరు ప్లేటు, థర్డ్ పార్టీలో సగం తగ్గింపు కూడా ఉంది. రోజూ తిప్పకూడదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ రిపేర్లకీ పెట్రోలు పోయించుకోడానికీ మాత్రమే బయటకి తియ్యాలి. బావుంది. అంటే యాభై దాటితే వారసత్వం, ఇరవై దాటితే చెత్త. మరి ఇరవైకీ యాభైకీ మధ్య ముప్ఫై ఏళ్ళు ఆ బండి ఎక్కడ ఉండాలి? కాంటెస్సా మొదలైందే 1984లో, అంటే ఈ దేశంలో మొట్టమొదటి కాంటెస్సా వింటేజ్ అయ్యేది 2034లో. నాది 2045లో, అప్పటికి నేనుంటే నన్నే ముందు వింటేజ్‌లో రిజిస్టర్ చేయించాలి. ఈ మధ్య ముప్ఫై ఏళ్ళలో ప్రతి అయిదేళ్ళకీ ఫీజు పెంచుకుంటూ పోతే ఎవడు దాచుకుంటాడు, యాభై దాకా చేరే బండి ఒక్కటి ఉండదు, అప్పుడా వీఏ ప్లేట్లు దేనికి తగిలిస్తారు?

వేరే దేశాల సంగతి చూడండి. పాత వాహనాల క్లబ్బులన్నిటికీ ప్రపంచ సంఘం ఫీవా అని ఉంది, వాళ్ళు ముప్ఫై ఏళ్ళకే చారిత్రక వాహనం అంటారు. జర్మనీలో ముప్ఫై ఏళ్ళు దాటి అసలు రూపంలో బాగా ఉంచుకున్న కారుకి నంబరు చివర హెచ్ అక్షరం ఇస్తారు, ట్యాక్సు విడిగా ఉంటుంది. బ్రిటన్‌లో నలభై దాటితే రోడ్ ట్యాక్సే లేదు. కార్లు అక్కడ మనకంటే ఎక్కువ, పొగ గురించి గొడవ కూడా మనకంటే ఎక్కువ, అయినా వాళ్ళకి రోజూ ఆఫీసుకెళ్ళే పాత కారుకీ దాచుకున్న పాత కారుకీ తేడా తెలుసు.

పొగ మాట దాచను. నా కారుకి పొగలో విషం తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు. పొల్యూషన్ టెస్టులో ఇలాంటి పాత పెట్రోల్ కారుకి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా ఒప్పుకుంటారు, బీఎస్ 4 అనే పొగ రూల్సు ప్రకారం తర్వాత తయారైన కారుకైతే 0.3 శాతమే, అంటే పది రెట్ల వెసులుబాటు. భాయ్ కార్బొరేటర్ సెట్ చేశాక నాది ఆ లెక్కలో హాయిగా పాసైంది, అయినా కొత్త కారుతో పోలికే లేదు, ఒప్పుకుంటాను. అందుకే ఇలాంటి బండి రోజూ తిరక్కూడదు. కానీ ఇప్పుడున్న ఫీజు దాన్ని ఆపదు కదా! రోజుకి వంద కిలోమీటర్లు తిప్పేవాడికీ 10,000, ఆదివారం భీమిలి దాకా వెళ్ళొచ్చేవాడికీ 10,000. ఇంకా చెప్పాలంటే అంత కట్టాం కదా వసూలు చేద్దాం అని ఎక్కువ తిప్పుతాడు. దానికి బదులు పాతికేళ్ళ నుంచి యాభై ఏళ్ళ దాకా ఒక తరగతి పెట్టండి, బండి అసలు రూపంలో ఉందో లేదో, బ్రేకులూ స్టీరింగూ ఛాసిసూ బాగున్నాయో లేదో గట్టిగా చెక్ చేయండి, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లు దాటకూడదని మీటర్ చూసి రాసుకోండి, దానికి ఒప్పుకున్నవాళ్ళకి ఫీజూ ప్రీమియమూ తగ్గించండి. టెస్టు ఫెయిలైతే ఏ వయసు బండినైనా మొహమాటం లేకుండా పక్కన పెట్టించండి, పదేళ్ళ బండైనా సరే, మేం అడ్డు రాం.

ఇంకో అపోహ, మీ ఉత్తరాల్లోనే ఇద్దరు రాశారు, పదిహేనేళ్ళ పెట్రోలు బండి రోడ్డెక్కడమే నేరమని. అది ఢిల్లీ చుట్టుపక్కల మాట, కోర్టు ఆర్డర్ల వల్ల వచ్చింది. మన దగ్గర సొంత కారుకి ఆ రూలు లేదు, ఫిట్‌గా ఉండి రెన్యువల్ అయితే నడపొచ్చు. తెలియక మంచి బళ్ళు కూడా భయపడి తుక్కుకిచ్చేస్తున్నారు, బ్రోకర్లకి అదే కావాలి.

భాయ్‌కి డెబ్భై దాటాయి. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు, అందరూ స్కానర్ పెట్టి చూసే పనికి వెళ్ళిపోతున్నారు, వాళ్ళ తప్పేం లేదు, కూడు అక్కడే ఉంది. కంచరపాలెం ఐటీఐలో చదివే పిల్లల్ని ఏడాదికి నాలుగు రోజులైనా ఇలాంటి షెడ్డుకి పంపితే కార్బొరేటర్ విప్పి బిగించడం, పాయింట్ల గ్యాప్ సెట్ చేయడం చూస్తారు, ఇంజను లోపల ఏం జరుగుతుందో చేత్తో తెలుస్తుంది. ఆయన డబ్బులు కూడా అడగరు, టీ పోయిస్తే చాలు, మాటలు మాత్రం వినాలి.

చివరికి రంగు వేయించి, తెలుపే లెండి, ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజకి పెట్టాం. అటూ ఇటూ తళతళలాడే కొత్త ఎస్‌యూవీలు, మధ్యలో మాది. పంతులుగారు బానెట్టు మీద పసుపు స్వస్తిక్ వేస్తూ "ఇది మా నాన్నగారు పూజ చేసిన మోడల్ కదండీ" అన్నారు. నిమ్మకాయలు తొక్కించాక ముందు సీట్లో ఎవరు కూర్చోవాలని మావాళ్ళు గుడి ముందే కొట్లాడుకున్నారు, మా ఆవిడ ముగ్గుర్నీ వెనక్కి తోలి తనే ముందు కూర్చుంది, నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి స్టీరింగు నాకొచ్చింది. బీచ్ రోడ్డు మీద రుషికొండ దాటేదాకా బాగానే ఉంది, తర్వాత టెంపరేచర్ ముల్లు పైకి పాకింది, ఆపి బానెట్టు ఎత్తితే అయిదు నిమిషాల్లో మా చుట్టూ జనం, సగంమంది సెల్ఫీలకి, సగంమంది మా నాన్నకుండేది మా మావయ్యకుండేది అని చెప్పడానికి. ఫ్యాన్ బెల్టు వదులు, అంతే. హార్డ్‌వేర్ వాడి జేబులో స్పానర్ ఎప్పుడూ ఉంటుంది.

ఈ ఫీజుల సంగతి కేంద్రం రూలు, రాష్ట్రం చేతిలో ఎంతుందో ఎంపీలూ రవాణా మంత్రిగారూ చూడాలి, అందుకే మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. అన్నట్టు కాంటెస్సా ఎడమ వైపు వెనక లైటు అద్దం ఒకటి మల్లిక్ బజార్‌లో కూడా దొరకలేదు, ప్రస్తుతానికి పగిలిన దాన్నే ఎర్ర టేపుతో అతికించి తిప్పుతున్నాం. మీ పాఠకుల్లో ఎవరి అటక మీదైనా, షెడ్డులోనైనా పడుంటే మీ ఆఫీసుకి ఒక కార్డు ముక్క రాయమనండి, మేమే వచ్చి పట్టుకెళ్తాం, రేటు దగ్గర మాత్రం గోపాలపట్నం అమ్మగారి కంటే కొంచెం దయ చూపించమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
మల్కాపురం, విశాఖపట్నం